చిత్రదర్శకుడు గూడవల్లి రామబ్రహ్మము

1938వ సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున ఆంధ్రదేశపు పట్టణములలో గోడలపై అంటించిన యొక ప్రకటన చూచి దారిన పోవువారు నిలిచిపోయిరి. అంతవరకు ఆ గోడలపై కనిపించినవి కృష్ణుడు, సావిత్రి, హరిశ్చంద్రుడు, లవకుశులు మున్నగు పేర్లు. ఇప్పుడు కనిపించినది ‘మాలపిల్ల’ అను పేరు. ఆ మాట ఊరిలో ఎవరును విననిది కాదు. దినమునకు పదిమారులు వినబడునదే. కాని అది వినబడుట దూరముగా తొలగుమని గద్దించునప్పుడు, కాదేని తిట్టునప్పుడు. అట్టి మాట పెద్ద అక్షరములతో, సౌందర్యవతియైన యువతి బొమ్మతో, టిక్కెట్టు కొని చూడదగిన యొక కళాఖండమునకు పేరుగా నిలుచుట అదియే మొదలు. ఆ పేరు పెట్టుటకు సాహసించిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మముగారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారు సంవత్సరములు. అంతకుముందు ఆయన దర్శకుడుగా ఒక్క చిత్రమునైనను తీసియుండలేదు.

రామబ్రహ్మముగారు 1902వ సంవత్సరము జూలై మాసమున కృష్ణా జిల్లా నందమూరు గ్రామమున వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. కృష్ణకు ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్వించిన పిమ్మట ఆ ప్రాంతపు మెట్టపొలములు మాగాణులుగా మారినవి. వరి పండినది, రైతుల చేతిలో రొక్కము ఆడినది, పాఠశాలలు, గ్రంథాలయములు, సంఘములు వెలసినవి. తాతల కాలమున అక్షరము నేర్వని కుటుంబములలోని పిల్లలు పత్రికలు చదువ నారంభించిరి. కాని ఆ మాగాణులలో నాట్లు వేసిన చేతులు, కోత కోసిన చేతులు ఎవరివో, వారి యిండ్లు మాత్రము ఊరికి వెలుపలనే, కాలువగట్టు కావలనే మిగిలిపోయినవి. ఊరు, గూడెము అను ఈ రెండు లోకముల నడుమ పొలము తప్ప వేరు కలయిక లేదు. ఆ డెల్టాలో పుట్టి పెరిగిన ప్రతి బాలుడును ఈ దృశ్యమును చూచుచునే యుండెను. చూచిన ప్రతివాడును దానిని గూర్చి ఆలోచించెనని చెప్పజాలము.

చదువుకొను దినములలోనే రామబ్రహ్మముగారు జాతీయోద్యమ ప్రభావమునకు లోనైరి. దానితోపాటు బ్రాహ్మణేతరోద్యమ ప్రభావము కూడ ఆయనపై గాఢముగా పడినది. ఈ రెండును ఒకదాని నొకటి అనుమానముతో చూచుకొను ప్రవాహములు. మొదటిది పరప్రభుత్వమును ప్రశ్నించినది. రెండవది ఇంటిలోని పెద్దరికమును ప్రశ్నించినది. రెండింటి తాకిడియు తగిలిన మనిషి గనుకనే రామబ్రహ్మముగారు ఏ ఒక్క పక్షమునకును పూర్తిగా ఒదిగియుండలేదు. జీవనోపాధికై, అంతకంటె ఎక్కువగా అభిలాషతో, ఆయన పత్రికారంగమున ప్రవేశించిరి. ఆయన సంపాదకత్వమున మద్రాసునుండి వెలువడిన ‘ప్రజామిత్ర’ వారపత్రిక ఆనాటి యువ రచయితలకు కూడలిగా నుండెను. తరువాతి కాలమున చలనచిత్ర రచయితగా పేరుగాంచిన సముద్రాల రాఘవాచార్యులవారు ఆ పత్రికలో పనిచేసినవారే. పత్రికలో వ్యాసము వ్రాసిన వేయిమంది చదువుదురు; చదువనేర్చినవారు చదువుదురు. చదువురాని లక్షలమంది మాట ఏమి? ఈ ప్రశ్నకు ఆ దినములలో ఒక క్రొత్త సమాధానము పుట్టినది. అది మాటలాడు చలనచిత్రము.

తెలుగున తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదల అయినది. తరువాత నైదేండ్లపాటు వచ్చిన చిత్రములలో ఎక్కువభాగము పురాణకథలే. నాటకరంగమున పేరుపొందిన నటులు అవే వేషములతో, అవే పద్యములతో కెమెరాముందు నిలిచిరి. వెండితెరపై రాజులు, ఋషులు, దేవతలు, వారి పరిచారికలు కనిపించిరి. ప్రేక్షకులలో నూటికి తొంబదిమంది రైతులు, కూలీలు, చేతిపనులవారు, చిరుద్యోగులు. తెరపై మాత్రము వారిలో ఒక్కరును కనిపించలేదు. 1936లో ‘ప్రేమవిజయము’ అను సాంఘికచిత్రము వచ్చినది గాని అది నిలువలేదు. ఇతర భాషలలో అప్పటికే కొంత కదలిక కలిగియుండెను. బెంగాలీలో 1932లో న్యూ థియేటర్సువారు తీసిన ‘చండీదాస్’ చాకలి పడుచును ప్రేమించిన కవి కథ. 1935లో శాంతారామ్ మరాఠీలో తీసిన ‘ధర్మాత్మ’ ఏకనాథుడు అంటరానివారితో పంక్తిభోజనము చేసిన కథ. 1936లో బొంబాయి టాకీసువారి ‘అఛూత్ కన్య’ దేశమంతట ఆడినది. అందు అంటరాని పిల్లకును బ్రాహ్మణ యువకునకును గల ప్రేమ పెండ్లిగా పరిణమింపదు. కథాంతమున ఆ పిల్ల రైలుబండికి బలియగును. ప్రేక్షకులు కంటతడి పెట్టి ఇంటికి పోయిరి; ఏ యింటిలోను ఏ మార్పును చేయవలసిన అవసరము రాలేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో రామబ్రహ్మముగారు చేసిన పని విలువ తెలియును.

ఆయన మొదట మద్రాసులోని వేల్ పిక్చర్సువారి వద్ద ‘సీతాకల్యాణము’ వంటి పౌరాణిక చిత్రముల నిర్మాణ వ్యవహారములు చూచుచు ఆ పరిశ్రమలోని మెలకువలు తెలిసికొనిరి. పిమ్మట చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్‌గారి ధనసహాయముతో సారథి ఫిలిమ్సు సంస్థ ఏర్పడినది. జమీందారులు నాటకములను, సంగీతమును పోషించుట ఆంధ్రదేశమున క్రొత్త కాదు. కాని జమీందారు ధనముతో సంఘసంస్కార చిత్రములు తీయుట క్రొత్త. ఈ పొత్తు ఎంత విచిత్రమైనదో రెండవ చిత్రము నాటికి గాని లోకమునకు పూర్తిగా తెలియలేదు.

తొలి చిత్రమునకు ఎన్నుకొన్న విషయము అస్పృశ్యత. ఆ కాలమున అది దేశమంతట రగులుచున్న ప్రశ్న. 1932లో పూనా ఒడంబడిక జరిగినది. 1933 డిసెంబరులో గాంధీజీ హరిజనయాత్ర ఆంధ్రదేశమున సాగినది. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు తన సంస్థానములోని ఆలయములను అందరకు తెరపించెను. 1937లో మద్రాసు రాష్ట్రమున కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడగా, ఇచ్చటను ఆలయప్రవేశ శాసనము వచ్చునని ఒకరు ఆశపడుచుండిరి, మరియొకరు భయపడుచుండిరి. సాహిత్యమున ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవల అప్పటికే వెలువడి, ప్రభుత్వ నిషేధమునకు గురియై, ఆ నిషేధము కారణముననే మరింత ప్రసిద్ధి గాంచియుండెను. ఇవన్నియు అందరకు తెలిసినవే. అంతగా జ్ఞాపకముంచుకొనని సంగతి యొకటి కలదు. హైదరాబాదు వాస్తవ్యులు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన 1917లోనే బెజవాడలో ఆది ఆంధ్రుల మహాసభ జరిగినది. పంచములని ఇతరులు పెట్టిన పేరు తమకు వలదనియు, తాము ఈ నేలకు ఆదిమవాసులమనియు వారు ఆ సభలో చాటుకొనిరి. అనగా గాంధీజీ హరిజనులని పేరు పెట్టుటకు ఎంతో ముందుగనే ఆ జనులు తమ పేరును తామే పెట్టుకొని, తమ బడులను తామే నడుపుకొనుచుండిరి. తెరపైకి రానున్న కథకు వెనుక ఈ కథ కలదు; తెరపైకి వచ్చినది మాత్రము వేరు కథ.

కథను గుడిపాటి వెంకటచలముగారు సమకూర్చిరి. వృత్తిచేత పాఠశాలల తనిఖీ అధికారి, రచనలచేత సంప్రదాయపరుల ఆగ్రహమునకు పాత్రుడు అయిన చలముగారి పేరు వినిననే ఆ కాలమున కొన్ని యిండ్లలో తలుపులు మూసుకొనెడివి. సంభాషణలను తాపీ ధర్మారావుగారు వ్రాసిరి. ఆయన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులు. ‘జనవాణి’ పత్రికను వాడుకభాషలో నడిపి గురువుగారి వాదమును ఆచరణలో పెట్టినవారు. అంతవరకు తెలుగు తెరపై రాజైనను, బంటైనను, చెలికత్తెయైనను నాటకపు గ్రాంథికమునే పలుకుచుండిరి. ‘మాలపిల్ల’లో మనుషులు ఇండ్లలో మాటలాడుకొను మాటలే మాటలాడిరి. ఇది భాషావివాదములో గెలుపు మాత్రమే కాదు. గ్రాంథికము పలుకు తెరపై గూడెపు మనిషికి చోటే లేదు. అతడు నోరు తెరచిన నవ్వులాటయే యగును. ఊరి పెద్దయు, గూడెపు పిల్లయు ఒకే తెరపై మనుషులుగా నిలువవలెనన్న ముందుగా తెర తన భాషను మార్చుకొనక తప్పలేదు. బడులలో తెలుగు బోధించువారు ఈ చిన్న సంగతిని పిల్లలకు చెప్పదగియున్నది.

పాటలలో కొన్ని బసవరాజు అప్పారావుగారివి. ఆయన 1933లోనే స్వర్గస్థులైనందున తమ గీతములు తెరపై ఇంటింటి పాటలగుట చూడజాలకపోయిరి. సంగీతము భీమవరపు నరసింహారావుగారిది. నాయిక సంపాలతగా కాంచనమాల, ఆమె సోదరి అనసూయగా సుందరమ్మ, నాయకుడు నాగరాజుగా గాలి వేంకటేశ్వరరావు నటించిరి. నాగరాజు తండ్రియైన సుందరరామశాస్త్రి పాత్రకు దర్శకుడు తెనాలిలో హోమియో వైద్యము చేయుచు, ‘కన్యాశుల్కము’లో లుబ్ధావధానులుగా రంగస్థలముపై పేరుమోసిన గోవిందరాజుల సుబ్బారావుగారిని ఎన్నుకొనెను. సుబ్బారావుగారికి అదియే తొలి చిత్రము.

కథ కల్యాణపురమను గ్రామమున జరుగును. సుందరరామశాస్త్రి ఆలయ ధర్మకర్త, నిష్ఠాగరిష్ఠుడు. హరిజనుల పక్షమున చౌదరయ్య నిలుచును. గుడిలోనికి వారిని రానీయవలెనా వలదా అను ప్రశ్నపై ఊరు రెండుగా చీలును. ఇంతలో శాస్త్రిగారి కుమారుడే గూడెములోని సంపాలతను ప్రేమించును. ఊరిలో వారికి చోటు లేదు గనుక అతడు ఆమెను, ఆమె సోదరిని వెంటబెట్టుకొని కలకత్తాకు పోవును. ఇక్కడ శాస్త్రిగారి యింటికి నిప్పంటుకొనగా ఆయన భార్య మంటలలో చిక్కుకొనును. ఆమెను వెలుపలికి తెచ్చి కాపాడినది ఒక హరిజనుడు. ఆ ఘడియతో శాస్త్రిగారి మనస్సు మారును. గుడి తలుపులు తెరచుకొనును. కుమారుని పెండ్లికి ఆయన ఆశీస్సు లభించును.

కథను ఇట్లు క్లుప్తముగా చెప్పినచో సులభముగా తోచును. చిత్రము బలమంతయు దానిని నడిపిన తీరులో నున్నది. రామబ్రహ్మముగారు ఆలయప్రవేశ సమస్యను సభలలోని ఉపన్యాసముగా తీయక కుటుంబకథగా తీసిరి. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు అను నాలుగు బంధముల మధ్యకు దానిని తీసికొనివచ్చిరి. మంచి చేసిన పని యిది. గుడిలోనికి ఎవరు పోవలెను అన్నది ఊరిసమస్య; దానిపై ప్రేక్షకుడు ఎటువైపు నుండిన నుండవచ్చును, ఏ వైపును లేకయు నుండవచ్చును. ఇంటికి కోడలుగా ఎవరు రావచ్చును అన్నది ప్రతివాని యింటి సమస్య. అక్కడ తటస్థులు లేరు. గుడిని తెరువ నంగీకరించిన పెద్దమనుషులు పెక్కుమంది ఇంటి తలుపు దగ్గర ఆగిపోయెడివారు. నేటికిని ఆగిపోవుచునే యున్నారు. దర్శకుడు ఈ రెండు తలుపులను ఒకే కథలో, ఒకే తాళపుచెవితో తెరువజూచెను.

శాస్త్రి పాత్రను చిత్రించిన విధము కూడ గమనింపదగినది. ఆయనను దుర్మార్గునిగా చేసినయెడల పని తేలిక. ప్రేక్షకుడు అసహ్యించుకొని, తాను అట్టివాడు కానని సంతోషించి లేచిపోయెడివాడు. సుబ్బారావుగారు నటించిన శాస్త్రి తన విశ్వాసమునందు చిత్తశుద్ధి గలవాడు. అందుచేత ఆయన పరివర్తనము నమ్మదగినదిగా నున్నది, ఆయన కాఠిన్యము మరింత భయంకరముగా నున్నది. చెడ్డవారివలననే అన్యాయము జరుగునన్న పిల్లల కథల నీతి ఇక్కడ చెల్లదు.

చిత్రము విడుదలయై ఘనవిజయము పొందినది. విజయముతోపాటు అలజడియు చెలరేగినది. సనాతనులు సభలు చేసి ఖండించిరి, కరపత్రములు వెలువడినవి. చిత్రము చూచి వచ్చినవారిని స్నానము చేయించి గాని లోనికి రానీయని యిండ్లు కొన్ని యుండెనని ఆ కాలమువారు తరువాత చాలయేండ్లు చెప్పుకొనిరి. కాంచనమాల బొమ్మ కాలెండర్లకెక్కి, ఆ కాలెండరు అగ్రహారముల గోడలకును ఎక్కినది. విచిత్రమేమన, గుమ్మము లోపలికి రాదగనిదని తలచిన పిల్ల బొమ్మ గుమ్మము పైన వ్రేలాడుటకు ఎవరును అభ్యంతరము చెప్పలేదు. మరుసటి యేడు, 1939 జూలైలో మధుర మీనాక్షి ఆలయమున హరిజనులు ప్రవేశించిరి. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము అట్టి ప్రవేశమునకు రక్షణ నిచ్చు శాసనము చేసినది. ఇవి చిత్రమువలన జరిగినవని ఎవరును చెప్పరు. కాని శాసనము వచ్చునాటికి తెలుగు పట్టణములలో వేలకొలది జనులు ఆ దృశ్యమును ఒకసారి కన్నులార చూచియుండిరి.

అయినను ఈ చిత్రమును పొగడుటతో సరిపెట్టుట రామబ్రహ్మముగారికి కూడ న్యాయము చేసినట్లు కాదు. కథ వ్రాసినవారు, మాటలు వ్రాసినవారు, దర్శకుడు, ధనమిచ్చిన ప్రభువు వీరిలో ఎవరును గూడెమునుండి వచ్చినవారు కారు. గూడెమును వారు సానుభూతితో చూచిరి; వెలుపలినుండి చూచిరి. అందుచేతనే నాయికకు సంపాలత యను సంస్కృతపు పేరు వచ్చినది. కలకత్తా భాగమున ఆమె చదువు నేర్చి, వేషభాషలు మార్చుకొని, నాగరిక స్త్రీగా తీర్చబడును. ఆమె అగ్రహారపు కోడలగుటకు ఇంత మారవలసివచ్చినది. శాస్త్రిగారు మామగారగుటకు పశ్చాత్తాపపడిన చాలినది. మరియొక చిక్కు అగ్నిప్రమాద ఘట్టమున నున్నది. ఒక హరిజనుడు ప్రాణమునకు తెగించి బ్రాహ్మణస్త్రీని కాపాడిన పిమ్మట గాని గుడి తెరచుకొనలేదు. ఎవరి ప్రాణమును కాపాడని సామాన్యునకు గుడిలో హక్కు లేదా? హక్కు ఉపకారమునకు బహుమానముగా వచ్చినచో అది హక్కు కాదు, దయ. ఆ ప్రశ్నను చిత్రము అడుగలేదు. 1938లో దానిని తెరపై అడుగుట సాధ్యమా యన్నది వేరు మాట.

మూడేండ్లు గడచిన పిమ్మట, 1941లో గుఱ్ఱము జాషువగారి ‘గబ్బిలము’ వెలువడినది. అందు అంటరాని పేదవాడు తన గోడును తానే చెప్పుకొనును. వ్రాసిన కవియు ఆ అవమానమును స్వయముగా అనుభవించినవాడు. ‘మాలపిల్ల’ను, ‘గబ్బిలము’ను ప్రక్కప్రక్కన పెట్టి చూచు విద్యార్థికి ఒకరిని గూర్చి మాటలాడుటకును, ఒకడు తానే మాటలాడుటకును గల భేదము తెలియగలదు. తెలుగు సాహిత్యమునకు జాషువ దొరికెను. తెలుగు తెరకు అట్టివాడు దొరకుటకు చాలకాలము పట్టినది.

రామబ్రహ్మముగారు తొలి విజయముతో మెత్తబడినవారు కారు. 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ మరింత సాహసమైనది. అప్పటికి ఆంధ్రమున రైతూద్యమము ఉవ్వెత్తున లేచియుండెను. ఇచ్ఛాపురమునుండి మద్రాసువరకు రైతురక్షణయాత్ర నడచినది. జమీందారీల వ్యవహారమును విచారించుటకు ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన సంఘము నియమింపబడినది. చిత్రకథలో నర్సిరెడ్డి యను చిన్న రైతు ఎన్నికలలో జమీందారు పక్షమును కాదని రైతు అభ్యర్థివైపు నిలిచి అందులకు కష్టముల పాలగును. ఆ పాత్రను బళ్లారి రాఘవగారు ధరించిరి. దేశమెరిగిన మహానటుడు, ప్రసిద్ధ న్యాయవాది, అప్పటికి అరువదికి చేరువైన వయస్సువాడు. అట్టివారు పంచెకట్టి అప్పులలో మునిగిన రైతుగా నిలిచిరి. గోపీచందుగారు రచనలో పాల్గొనిరి. కొసరాజు రాఘవయ్యగారి పాటలు జానపదుల నడకతో తొలిసారిగా తెరకెక్కినవి. వాడుకభాషోద్యమ నాయకుని కుమారులు గిడుగు సీతాపతిగారు సైతము ఇందొక వేషము ధరించిరి.

జమీందారులు ఊరకొనలేదు. వేంకటగిరి, బొబ్బిలి ప్రభువుల పక్షమున తీవ్రమైన వ్యతిరేకత వచ్చినది. బొబ్బిలి రాజాగారు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా నుండి 1937 ఎన్నికలలో ఓడిపోయినవారు. ఎన్నికలలో జమీందారు ఓటమిని చూపు చిత్రము వారికి కథగా కనిపించకుండుట సహజము. కొన్ని తావుల ప్రదర్శనము ఆగిపోయినది. ఇన్ని చిక్కులకు నిలిచిన నిర్మాత కూడ జమీందారే యగుట ఆ కాలపు వింతలలో నొకటి. అగ్రహారమును ప్రశ్నించిన చిత్రమును ఆడనిచ్చిన సమాజము దివాణమును ప్రశ్నించిన చిత్రమును అంత సులభముగా ఆడనీయలేదు. కులమును గూర్చి మాటలాడినవానిని తిట్టిరి. భూమిని గూర్చి మాటలాడినవానిని ఆపివేసిరి.

తరువాతి చిత్రములు ఇంటికథలవైపు మరలినవి. 1940లో ‘ఇల్లాలు’, 1941లో ‘అపవాదు’, 1942లో కణ్ణగి కథను తెలుగున చెప్పిన ‘పత్ని’, 1943లో ‘పంతులమ్మ’ వరుసగా వచ్చినవి. ఇవి ‘మాలపిల్ల’ యంత కలకలము రేపలేదు. యుద్ధకాలమున ముడిఫిల్ము కరవై, ఖర్చులు పెరిగి, నిర్మాతలు జంకుచున్న దినములవి. అయినను పేర్లు చూచినను దర్శకుని దృష్టి తెలియును. ఇల్లాలు, పత్ని, పంతులమ్మ: కథ స్త్రీ చుట్టును తిరుగును. ఉపాధ్యాయిని పేర ఒక చిత్రము వెలువడుట ఆ కాలమున సామాన్యము కాదు. ఉద్యోగము చేయు స్త్రీని గూర్చి లోకము నానావిధముల మాటలాడుచున్న దినములలో ఆమెను కథానాయికగా నిలుపుట ఒక పక్షము వహించుటయే. ‘ఇల్లాలు’తో సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి గార్ల కంఠములు తెలుగువారికి మరింత దగ్గరయినవి. 1945లో ‘మాయాలోకము’ అను జానపదచిత్రము తీసిరి. నాగేశ్వరరావుగారు అందు నాయకుడు. అది ధనము తెచ్చినది. సంస్కార చిత్రములవలన వచ్చిన నష్టములను జానపదకథతో తీర్చుకొనవలసివచ్చుట ఆయనకొక్కరికే కలిగిన అనుభవము కాదు.

చివరకు ఆయన తన మొదటి విషయమునకే తిరిగివచ్చిరి. ఈసారి మార్గము వేరు. పల్నాటి వీరకథను చిత్రముగా తీయ తలపెట్టిరి. ఆ కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టును. అంటరానివారని తోయబడినవారికి మాచర్ల చెన్నకేశవుని సన్నిధి చూపును. మాల కన్నమదాసును సేనాపతిగా చేసికొనును. పండ్రెండవ శతాబ్దపు కథ యది. కలకత్తాకు పోయి మారి రావలసిన పనిలేదు. ఈ నేలమీదనే, ఈ భాషలోనే, కులమును దాటిన జ్ఞాపకమొకటి కలదని ఆయన కనుగొనిరి. మరియొక విశేషము. ఆ వీరగాథను తరతరములుగా కత్తి పట్టి, పాడి, కారెంపూడిలో నిలిపియుంచిన వీరవిద్యావంతులు మాలవారే. తెరపైకి రానున్న ఆ కథకు ఈసారి అసలు కర్తలు గూడెమువారే. బయటినుండి వచ్చినది కెమెరా మాత్రమే.

ఆ చిత్రము పూర్తికాకమునుపే 1946 అక్టోబరులో రామబ్రహ్మముగారు మద్రాసులో మరణించిరి. ఆయనకు నలుబదినాలుగేండ్లు. ఆ యేడే ఏప్రిల్‌లో బళ్లారి రాఘవగారును పోయిరి. మిగిలిన భాగమును ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేయగా ‘పల్నాటి యుద్ధము’ 1947లో విడుదల అయినది. అదే యేడు మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమును హక్కుగా చేయు శాసనము వచ్చినది. చిత్రమున నాయకురాలు నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా నాగేశ్వరరావు నటించిరి. చాపకూడు పెట్టి అందరను పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని పాత్రను ధరించినవారు, తొమ్మిదేండ్ల క్రిందట కల్యాణపురపు గుడి తలుపులకు అడ్డుగా నిలిచిన సుందరరామశాస్త్రి, తెనాలి వైద్యులు గోవిందరాజుల సుబ్బారావుగారే.